వెలుగు మింగిన మనుషులు

లాన్సెస్టన్,
ఏప్రిల్ మొదటివారం

ఒరేయ్ కోరిన్,

నిన్న పేపరు మొదటి పేజీలో మన పెన్‌హాలో బీచి ఫొటో కనిపించింది. ముందు సంబరపడ్డానురా, తెలుసా? మన ఊరు! టాస్మేనియా దాకా వచ్చి పడ్డ నాకు, టీ తాగుతూ ఉండగా, మన ఇసుక, మన రాళ్లు! షాపులో నాతో పనిచేసే బ్రోన్విన్‌ని పిలిచి "ఇదుగో, మా తమ్ముడి బీచి" అని చూపించబోయాను. అప్పుడు కింద అక్షరాలు చదివాను.

"ఖాళీ కుర్చీ."

నా చేతిలో కప్పు ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు. మునిగి చనిపోయినవాడి భార్య తీసిన ఫొటో అట. ముందు వాళ్ల ఏడేళ్ల పాప నవ్వుతోంది. వెనక సముద్రం పాలలాగా తెల్లగా, అల కూడా లేనట్టు ఉంది. పక్కన ఈతకి దిగేవాళ్లని కనిపెడుతూ నువ్వు కూర్చునే ఎత్తు కుర్చీ. అందులో ఎవరూ లేరు. "ఇంత పట్టపగటి వెలుగులో, ఇంత ప్రశాంతమైన నీళ్లలో ఒక మనిషి మునిగిపోతుంటే కాపలావాడు ఎక్కడ?" అని రాశారు. నీ పేరు రాశారు. నీ ఇంటిపేరు, అంటే నాన్న పేరు.

నువ్వు నాతో ఏం చెప్పావు? "రాళ్ల మీద జారిపడ్డానక్కా, నుదుటి మీద కుట్లు పడ్డాయి" అన్నావు. అంతే. మనిషి పోయిన సంగతి ఎందుకు దాచావు?

రాత్రి నుంచి అయిదుసార్లు ఫోన్ చేశాను. ఎత్తుతావు, మాట్లాడవు. నీ ఊపిరి వింటూ నేనెంతసేపు కూర్చోవాలి? చిన్నప్పుడు అమ్మ మీద అలిగి చీటీల మీద రాసి తలుపు కింద నుంచి తోసేవాడివి కదా. అలాగే రాయి. నోటితో చెప్పలేనిది చేత్తో చెప్పు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ సమయంలో నువ్వెక్కడున్నావురా?

మెరిన్ అక్క

*

పెన్‌హాలో,
ఏప్రిల్

అక్కా,

నువ్వడిగినదానికి జవాబు నా దగ్గర లేదు. అందుకే ఫోన్‌లో నోరు పెగలలేదు.

నాకు గుర్తున్నంతవరకు చెప్తాను. సీజను ఆఖరు, సాయంత్రం. జనం లేరు. గాలి లేచింది, అలలు విరుగుతున్నాయి, పొద్దు వాలి సరిగ్గా ఎదురుగా కళ్లలో పొడుస్తోంది. ఆ చివర రాళ్ల మీద ఇద్దరు ముసలాళ్లు గాలాలు వేసుకుని ఉన్నారు. ఈతకి హద్దుగా పాతిన జెండాల దగ్గర ఒక కుటుంబం. పోర్ట్ పిరీ నుంచి వచ్చిన గ్రీకువాళ్లు. భర్త పేరు థనాసిస్ అని తరవాత తెలిసింది. నేను కుర్చీ దిగి గుడిసెలోకి వెళ్లి ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నాను. వేడిగా ఉంది. ఊదుకున్నాను.

అంతే అక్కా. ఆ తరవాత ఆస్పత్రి పైకప్పు.

మధ్యలో ఏమీ లేదు. నుదురు పగిలి, ఒడ్డున నురగలో బోర్లా పడి ఉంటే ఆ ముసలాళ్లే లాగారట. మునిగేవాళ్లని అందుకోడానికి బోర్లా పడుకుని ఈదుకెళ్లే నా పలక విరిగి కొట్టుకొచ్చింది. ఆయన మర్నాడు పొద్దున దొరికాడు. ఆయన భార్య దెస్పినా చెప్పింది ఇదీ: "కెమెరా దించి చూస్తే మా ఆయన లేడు. అరిచాను. కుర్చీ వైపు పరిగెత్తాను. కుర్చీ ఖాళీ. ఎంత అరిచినా ఎవరూ రాలేదు." గాలాలవాళ్లూ అదే చెప్పారు, అరుపు వినపడి తిరిగి చూసేసరికి కుర్చీలో మనిషి లేడని. కేకలు విని టీ వదిలేసి ఆలస్యంగా పరిగెత్తి, పలకతో సహా రాళ్లకి కొట్టుకున్నానని ఊళ్లో అందరూ తేల్చేశారు. నేను కూడా అలాగే అనుకుంటున్నాను. నాకు గుర్తున్నది టీయే కదా!

మొన్న చేపల షాపులో నిలబడితే పెంగెలీ ముసలాయన అందరికీ వినపడేలా అన్నాడు, "నిలబడ్డావేం నాయనా, కూర్చో. ఓహో, నీకు కుర్చీ పడదు కదూ!" జనం నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నిన్న తలుపు తీస్తే గేటు ముందు తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెట్టి ఉంది. దాని మీద ఒక పువ్వు.

చలికాలంలో, జులైలో, విచారణ ఉంటుంది. నా తరపు లాయరు ఇమోజెన్ గారు ఆ కెమెరాలో ఉన్న ఫొటోలన్నింటి కాపీలూ నాకిచ్చారు. "మీ అక్క కెమెరాలు బాగుచేస్తుందన్నారుగా, ఒకసారి చూపించండి" అన్నారు. నేను తెరవలేదు. తెరవను. ఎక్కువ భాగం పాపవేనట, ఆఖరివి పాడైపోయి నల్లగా ఉన్నాయట. కవర్లో పెట్టాను. నువ్వే చూడు. కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతి మాత్రం నాకు మళ్లీ చెప్పకు.

కోరిన్

*

లాన్సెస్టన్,
ఏప్రిల్ నెలాఖరు

తమ్ముడూ,

చూశాను. ఇప్పుడేమీ చెప్పను. తొందరపడి ఒక మాట అనేసి, తరవాత కాదనే పరిస్థితి రాకూడదు.

నేనడిగేవాటికి జవాబు రాయి, ఎందుకని అడక్కు. ఆ రోజు నువ్వు వేసుకున్న చొక్కా ఏ రంగు? నెత్తిన టోపీ ఉందా? పలక ఏ రంగు? చిన్నప్పుడు చెట్టు మీంచి పడి విరిగిన ఆ ఎడమ భుజం ఇంకా సరిగా తిరగదా? ఈదేటప్పుడు మోచెయ్యి అలాగే బయటికి పోతుందా?

నాకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. నీ మీద కోపంతో కాదు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

అక్క

*

పెన్‌హాలో,
మే

అక్కా,

పసుపు చొక్కా. ఎర్రా పసుపూ కలిసిన టోపీ, గడ్డం కింద కట్టుకునేది. పలక తెలుపు, ముక్కు మాత్రం ఎరుపు. భుజం అంతే, ఈ జన్మకి తిరగదు. మోచెయ్యి రెక్క విరిగిన కొంగలా పోతుందని కుర్రాళ్లు వేళాకోళం చేస్తారు. చాలా? ఇవన్నీ ఎందుకో అడగొద్దంటావు. నీ ఉత్తరం చదివితే భయమేసింది. ఆ ఫొటోల్లో ఏముంది? నేను గుడిసెలో టీ తాగుతూ ఉన్నానా?

ఆయన పోయి నలభై రోజులైందని వాళ్లు బీచికి వచ్చారు. నాకు తెలియదు, కుక్కని తిప్పుతూ అటు వెళ్లాను. నల్లబట్టల్లో దెస్పినా, ఆమె అత్తగారు కిరియాకి. ఉడకబెట్టిన గోధుమల్లో చక్కెరా దానిమ్మ గింజలూ కలిపి పళ్లెంలో తెచ్చారు. పోయినవాళ్ల పేరున పంచుతారట. ఒడ్డున ఉన్నవాళ్లందరి చేతుల్లో ఒక్కో గుప్పెడు పెట్టుకుంటూ వచ్చింది పెద్దావిడ. నా దగ్గరికొచ్చి ఆగింది. మొహం గుర్తుపట్టింది.

"నీకు పెట్టాలా?" అంది.

నేను చెయ్యి చాపలేదు.

దెస్పినా వెనకనుంచి వచ్చింది. అరవలేదక్కా. అరిచుంటే తట్టుకునేవాణ్ని. మెల్లగా అడిగింది, "నేనెంత అరిచానో నీకు వినపడిందా? ఒక్క మాట చెప్పు చాలు. వినపడి రాలేదా, వినపడలేదా?"

"నాకు తెలియదు" అన్నాను.

"తెలియదా!" అంది. ఆ మాట అని, నన్ను చూసిన చూపు... ఇంక రాయలేను.

కోరిన్

*

లాన్సెస్టన్,
మే మూడోవారం

కోరిన్,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నువ్వు గుడిసెలో లేవు. నీళ్లలో ఉన్నావు. ఆమె అరవకముందే, పాప నవ్వుతున్నప్పుడే, పేపర్లో వేసిన ఆ ఫొటో తీసిన క్షణంలోనే నువ్వు నీళ్లలో ఉన్నావురా. కుర్చీ ఖాళీగా ఉన్నది అందుకే.

ఎలాగో చెప్తాను. మన ఊరు పడమటి ఒడ్డు. పొద్దు సముద్రంలో దిగుతోంది. పాప సముద్రానికి వీపు పెట్టి నిలబడింది కాబట్టి మొహం నీడలో ఉంది. వాళ్లది అద్దంలేని కొత్తరకం కెమెరా. పాతవాటిలో అద్దం ఉండేది. కన్ను ఆనిస్తే ఎదురుగా ఉన్నది ఉన్నట్టు అద్దంలోంచి కనపడేది. వెలుతురు కొలిచేది ఒకటి, దూరం సరిచూసేది ఇంకొకటి. కొత్తవాటిలో ఫొటో పట్టే సెన్సర్ ఒక్కటే అన్ని పనులూ చేస్తుంది. దూరం అదే చూస్తుంది, వెలుతురు అదే కొలుస్తుంది, నీ కంటికి బొమ్మా అదే చూపిస్తుంది. దానికి మనిషి మొహం దొరికిందా, ఇక లోకమంతా ఆ మొహమే. ఫోకస్ ఆ మొహం మీద నిలుపుతుంది. నిలిపిన చోటు నల్లగా ఉంటే, అది తెల్లబడేదాకా వెలుతురు లాగుతుంది. మిగతాది ఏమైపోయినా దానికి పట్టదు. పాప మొహం కోసం అంత వెలుతురు లాగేసరికి, వెనక పొద్దు పడి మండుతున్న నీళ్లన్నీ తెల్ల కాగితమైపోయాయి. అలలు పోయాయి. అందులో ఉన్న మనుషులూ పోయారు. ఒడ్డున ఇసుకలో ఉన్న కుర్చీ మాత్రం మిగిలింది. పత్రికవాళ్లు దాన్ని చూసి పట్టపగలన్నారు, ప్రశాంతమైన నీళ్లన్నారు. అది నీళ్లు కాదురా, ఏమీ లేనితనం.

నాకే నమ్మకం కుదరక, అదే రకం కెమెరా తీసుకుని పొద్దువాలే వేళ నది ఒడ్డుకి వెళ్లాను. బ్రోన్విన్‌ని సూర్యుడికి వీపు పెట్టి కూర్చోబెట్టాను. ఆమె వెనక నీళ్లలో ఒకాయన పడవ తోసుకుంటూ పోతున్నాడు. కెమెరాకి కన్ను ఆనించాను. చిన్న చదరం వచ్చి బ్రోన్విన్ మొహం మీద వాలింది, మొహం వెలిగింది, నది తెల్లబడింది. పడవ లేదు. కెమెరా పక్కకి తీశాను. ఉంది. మళ్లీ కన్ను ఆనించాను. లేదు. ఎన్నేళ్లుగా ఇవే కెమెరాలు విప్పి బిగిస్తున్నాను, నిలువునా ఒక మనిషి ఇలా మాయమవుతాడని ఎప్పుడూ ఆలోచించలేదు.

"బ్రోన్విన్, తల దించు" అన్నాను. మీట నొక్కే ఉంచాను. ఆమె తల దించగానే చదరానికి మొహం పోయింది. ఒక్క క్షణం వెతుక్కుంది. ఫోకస్ దూరం పోయి నీళ్ల మీద వాలింది. దాంతోపాటు వెలుతురు కొలతా నీళ్ల మీదికే పోయింది. బొమ్మంతా చీకటైంది, ఆ చీకట్లో పడవ కత్తితో గీసినట్టు వచ్చింది.

ఆ పాప కూడా తల దించిందిరా. ఇసుకలో ఏదో గవ్వ తీసుకోడానికి కాబోలు వంగింది. వాళ్లమ్మ వేలు మీట మీదే ఉంది. ఫొటోలు వరసగా పడుతూనే ఉన్నాయి, పేపర్లో వేసినదానికీ ఆఖరిదానికీ మధ్య సెకను కూడా లేదు. "పాడైపోయి నల్లగా ఉన్నాయి" అన్నావే, ఆ ఆఖరి ఫొటో పాడైంది కాదు. దాన్ని కంప్యూటర్లో పెట్టి చీకటి కొంచెం కొంచెంగా ఎత్తాను.

ముందు అలలు వచ్చాయి. పెద్ద అలలు. తరవాత జెండాలు. జెండాలకి బాగా అవతల, నీళ్లు వెనక్కి లాగేచోట, తెల్ల పలక, ఎర్ర ముక్కు. దాని మీద బోర్లా పసుపు చొక్కా. ఎడమ మోచెయ్యి రెక్క విరిగిన కొంగలా బయటికి. నిన్ను నేను గుర్తుపట్టడానికి మొహం కావాలట్రా! "వీడు మా వాడే" అని షాపులో గట్టిగా అరిచాను.

తరవాత ఇంకొంచెం ఎత్తాను. అలా ఎత్తకుండా ఉండాల్సింది.

నీకు ఎదురుగా, రెండు పలకల దూరంలో, నీళ్లలోంచి ఒక చెయ్యి.

ఆమె భర్త చెయ్యి కోరిన్. ఆమె "నవ్వు తల్లీ" అంటున్నప్పుడు, ఆ నవ్వు వెనకే, తన కళ్ల ముందే ఎత్తి ఉన్న చెయ్యి. ఆమె కెమెరాలోంచి చూస్తోంది కాబట్టి ఆమెకి తెల్లటి కాగితమే కనపడింది. ఆ ఫొటోని ఆమె లోకానికి చూపించింది కూడా. అదే ఫొటో చూసి నువ్వెక్కడున్నావని అడుగుతోంది.

అప్పట్నుంచి ఒక్క కెమెరా కూడా విప్పలేదు. షాపు మూసేశాను.

లాయరుగారికి ఇంకా చెప్పలేదు. ముందు నీకే.

అక్క

*

పెన్‌హాలో,
మే

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు కూర్చోమన్నావు, వాకిట్లో నిలబడే చదివాను, తరవాత వాకిట్లోనే కూలబడ్డాను. కుక్క వచ్చి మొహం నాకుతుంటే తెలివొచ్చింది.

నేను వెళ్లానా? నిజంగా వెళ్లానా? నువ్వు నా అక్కవి కాబట్టి చెప్పడం లేదు కదా?

ఒట్టేయించుకుంటున్నాననుకో. ఆ నల్ల ఫొటో ఆమె చూడకూడదు. లాయరుకి ఇవ్వకు. నన్ను ఊరంతా ఏమనుకున్నా అనుకోనీ, అలవాటైపోయింది. నా గేటు ముందు ఇంకో కుర్చీ పెడతారు, అంతేగా. ఆమె ఆ చెయ్యి చూస్తే ఏమవుతుందో ఆలోచించు. బిడ్డ నవ్వుతున్న ఫొటో వాళ్ల హాల్లో పెద్దది చేసి పెట్టుకున్నారట. దాని వెనక తన మొగుడు మునుగుతున్నాడని తెలిస్తే ఆ మనిషి బతుకుతుందా? నన్ను తిట్టుకుంటూ బతకనీ. తిట్టుకోడానికి ఒకడు ఉండడం కూడా ఆసరాయే.

దాన్ని చెరిపేయి అక్కా. నీ దగ్గరది చెరిపేయి.

కోరిన్

*

లాన్సెస్టన్,
జూన్

ఒరేయ్ పిచ్చోడా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. చెరిపెయ్యాలా? నేను చెరిపితే పోతుందా? అసలుది విచారణాధికారి దగ్గరుంది. రేపు ఇంకెవరో చీకటి ఎత్తి చూస్తారు. అప్పుడు నలుగురి మధ్య, పెద్ద తెర మీద, ఆమె మొదటిసారి చూస్తుంది. నీ దయ అంత బాగుంటుందన్నమాట!

నువ్వు త్యాగం చేస్తున్నాననుకుంటున్నావు. ఎవరికోసం? ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న, "వినపడి రాలేదా, వినపడలేదా" అని. రెండూ కాదని నీకు ఇప్పుడు తెలుసు. తెలిసీ నోరు మూసుకుంటే, ఆమె జీవితాంతం తప్పు మనిషిని ద్వేషిస్తుంది. తన భర్త ఎవరికీ అక్కర్లేకుండా ఒంటరిగా పోయాడనుకుంటుంది. అది ఆమె ఫొటో, ఆమె కెమెరా, ఆమె మొగుడు. వాటిలో ఏది ఆమె చూడాలో చెప్పడానికి మనమెవరం?

ఇంకో మాట. ఆమె కళ్లు పెట్టి చూడలేదని ఆమెనెవరూ అనకూడదు, ఆమె తనని తాను కూడా అనుకోకూడదు. ఆమె చూసింది. చూపించాల్సిన కెమెరాయే చూపించలేదు. ఇది నేను ఏ ధర్మాసనం ముందైనా చెప్తాను. కానీ తెర మీద చూడకముందే ఆమెకి చెప్పే మనిషి ఒకడుండాలి. అది లాయరు కాదు, నేను కాదు. ఆ నీళ్లలో ఉన్నవాడు.

లాయరుగారికి నిన్న పంపించేశాను. తిట్టుకో. ఫొటో ఒకటి అచ్చువేసి ఇందులో పెట్టాను, వేరే కవర్లో, అంటించి. నీకు చూడాలనిపించినప్పుడు చూడు.

భయంగా ఉందని నాకు తెలుసు. నాకూ ఉంది.

అక్క

*

పెన్‌హాలో,
జులై

అక్కా,

విచారణ అయిపోయింది. పేపర్లో నువ్వు చదివే ఉంటావు, లోపలి పేజీలో, చిన్నగా వేశారు. నల్ల ఫొటో తెర మీద వేయమని అడిగింది దెస్పినాయే. లాయర్లు కాదు. ఆమె లేచి నిలబడి "వెయ్యండి, అందరూ చూడనివ్వండి" అంది. పెంగెలీ ముసలాయన నా చెయ్యి పట్టుకుని టోపీ తీసి మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అదంతా సరే. దానికి ముందు జరిగింది నీకు చెప్పాలి. నోటితో చెప్పలేను, నీకు తెలుసు.

విచారణకి వారం ముందు పోర్ట్ పిరీ వెళ్లాను. ఇమోజెన్ గారు "వద్దు, కేసు పాడవుతుంది" అని నెత్తీ నోరూ కొట్టుకున్నారు. బెల్లు కొడితే తలుపు తీసింది పెద్దావిడ, కిరియాకి. ఆమె నన్ను చూసి లోపలికి తిరిగి అరిచింది, "కుర్చీవాడొచ్చాడే!"

దెస్పినా వచ్చింది. "ఎందుకొచ్చావు? క్షమించమని అడగడానికా? అలాంటివి ఉంటే తీసుకుపో."

"కాదండీ. మీరు తీసిన ఫొటో ఒకటి మీకు చూపించాలి. రేపు తెర మీద చూసేకన్నా ముందు నా చేత్తో చూపిద్దామని. చూడనంటే వెళ్లిపోతాను."

"నా ఫొటోలు నాకు తెలియవా?"

"ఇది తెలియదు."

వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టింది. కాఫీ కావాలా అని అడగలేదు. హాల్లో గోడ మీద పాప ఫొటో కనపడుతోంది, తెల్ల సముద్రం ముందు నవ్వుతూ. పాప బడికి వెళ్లింది, నయమే. నువ్వు రాసినట్టే చెప్పాను అక్కా. పొద్దు ఎటుందో, మొహం నీడలో ఎందుకుందో, కెమెరా దేన్ని పట్టుకుని దేన్ని వదిలేసిందో. "మీరు కన్ను ఆనించి చూసిన దాంట్లో సముద్రం తెల్లగానే ఉంది, మీకు ఎవరూ కనపడే వీల్లేదు" అన్నాను. ఆమె కదలకుండా వింది. అప్పుడు కవరు తీసి బల్ల మీద పెట్టాను. నేనూ అదే మొదటిసారి చూడడం.

ముందు ఫొటోలో నన్ను చూసింది. వేలు పెట్టి, "ఇదెవరు?" అంది.

"నేను."

వేలు పక్కకి జరిగింది. చెయ్యి దగ్గర ఆగింది. ఎవరని అడగలేదు.

హఠాత్తుగా లేచి హాల్లోకి వెళ్లి గోడ మీద ఫొటో లాగేసింది. మేకుతో సహా ఊడొచ్చింది, సున్నం రాలింది. దాన్ని తెచ్చి నల్లదాని పక్కన పడేసింది. "ఇది ఇదేనా? ఈ నవ్వూ ఈ చెయ్యీ ఒకటేసారా?" అంది. "నేను నవ్వమన్నానే. ఇంకోసారి నవ్వమన్నానే!"

"మీకు కనపడలేదు" అన్నాను.

"కెమెరాకి కనపడలేదు. నాకు కళ్లున్నాయి కదా? దించి చూడొచ్చు కదా? అంత పెద్ద సముద్రం ఎదురుగా పెట్టుకుని అరచేతిలో పట్టే పెట్టెలోకి చూశానే!"



పెద్దావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఫొటో మీద వంగింది. కొడుకు చెయ్యి చూసింది. ఏడవలేదు. "ఇద్దరికీ మధ్య ఎంత దూరం?" అని నన్నడిగింది.

"రెండు పలకలంత."

"అందుకున్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎంత సులువు! "అందుకున్నానమ్మా, చెయ్యి పట్టుకున్నాను, అల వచ్చింది" అంటే చాలు. వాళ్లిద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. నేను చేతులతో తల పట్టుకున్నాను. "నాకు గుర్తులేదమ్మా. ఒట్టు. రోజూ రాత్రీ పగలూ తవ్వుకుంటున్నాను, రావడం లేదు. అందుకున్నానో లేదో నాకు తెలియదు."

అలా తల పట్టుకున్నప్పుడు చొక్కా చెయ్యి మోచేతి మీదికి జారింది. దెస్పినా నా మణికట్టు పట్టుకుని బల్ల మీదికి లాగింది. కొడుతుందనుకున్నాను.

"ఇవేంటి?" అంది.

ముంజేతి లోపలి వైపు నాలుగు మచ్చలున్నాయి అక్కా, నెలవంకల్లా, ఒకదాని పక్కన ఒకటి. ఆస్పత్రిలో కట్టు కట్టేటప్పుడే ఉన్నాయి. రాళ్లకి అంటుకునే గవ్వలు గీరుకున్నాయనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"గవ్వలా!" అంది పెద్దావిడ. ఆవిడ గొంతు ఒక్కసారి లేచింది. "దెస్పినా, చూడవే. గిటారు మీటడానికి పెంచుకున్న గోళ్లు. కుడిచేతి గోళ్లు కత్తిరించుకోరా వెధవా, అన్నంలోకి పోతాయి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానే! వింటేనా!"

దెస్పినా తన కుడిచేతి వేళ్లు నాలుగూ తెచ్చి ఒక్కొక్కటీ ఆ మచ్చల మీద ఆనించింది. వేళ్లు చాలలేదు, ఆయన చెయ్యి పెద్దది. కొంచెం ఎడంగా జరిపి మళ్లీ ఆనించింది. గట్టిగా నొక్కింది. అక్కా, నాకు చల్లగా నీళ్లు ముక్కులోకి ఎక్కినట్టయింది. అంతే, ఇంకేమీ గుర్తురాలేదు. కానీ నా చెయ్యి దానంతటదే తిరిగి ఆమె మణికట్టు పట్టుకుంది. పలక మీంచి మనిషిని అందుకునేటప్పుడు పట్టుకునే పట్టు అది, ఏళ్ల తరబడి నేర్పిస్తారు మాకు.

ఆమె వంగి తన నుదురు నా చేతి మీద పెట్టింది.

"అందింది," అంది. "అత్తయ్యా, అందింది."

కోరిన్